పెరటిలో ఉల్లికాడలు



కార్తికమాసము వచ్చినదనగా మా ధర్మపురిలో తెల్లవాఱకమునుపే గోదావరి రేవులలో దీపములు కనబడును. నది యిచ్చట దక్షిణముఖముగా ప్రవహించుటచే స్నానమునకు విశేషమని పలుతావులనుండి జనము వత్తురు. ఆ నెలనాళ్లును మా యింట ఉల్లి తఱుగుట లేదు. ఏడాది పొడుగునను ఉల్లి తినువారి యిండ్లలో సైతము పెక్కింట ఈ మాసమున దానిని మానుదురు. అయితే బుట్టలోనున్న ఉల్లిగడ్డలకు మన నియమములతో పనిలేదు. చలిగాలి తగిలినంతనే ఒక్కొక్కటియు కొనయందు పచ్చని మొలకను బయట పెట్టును. మాసాంతమున బుట్ట దింపి చూతుము గదా, సగము గడ్డలు మెత్తబడి, పొరలు వదలి, మొలకలు జానెడేసి సాగి యుండును. చెడిపోయినవని చెప్పి పెంటకుప్పపై పాఱవేయుదుము.

ఆ పాఱవేయుటను మాన్పింపవలెననియే నేను ఈ నెల కలము పట్టితిని. మొలకెత్తిన ఉల్లి చెడినది కాదు. నిద్ర మేల్కొన్నది. నల్లగా బూజుపట్టి కుళ్లినదానిని పాఱవేయవలసినదే గాని, గట్టిగా నుండి మొలక మాత్రము వచ్చినదానిని మట్టిలో గ్రుచ్చినచో మూడువారములలో కూరకు వచ్చును. దీనికి విత్తనము కొననక్కఱలేదు, నారు పోయనక్కఱలేదు, మగవారిని బతిమాలనక్కఱలేదు.

ఈ కాలముననే గడ్డలు మొలకెత్తుటకు కారణము కలదు. మనము వానకాలమంతయు వాడుకొను ఉల్లి యాసంగి పంట. దానిని చైత్ర వైశాఖములలో త్రవ్వి, ఆఱబెట్టి, నిలువచేయుదురు. నాలుగైదు నెలలు నిదురించిన పిదప ఆశ్వయుజ కార్తికములనాటికి గడ్డ తనంతట మేల్కొనును. క్రొత్తపంట అప్పటికింకను సంతకు చేరియుండదు. ఆ నడుమ వానలు పంటను చెఱచినచో ధర మిన్నంటును. 2019వ సంవత్సరమున అట్లే జరిగినది. మహారాష్ట్రమున వానలకు పంట పాడగుటచే సెప్టెంబరు 29వ తేదీన కేంద్రప్రభుత్వము ఉల్లి యెగుమతిని నిషేధించినది. అయినను ఆ సంవత్సరాంతమునకు కిలో నూఱు రూపాయలు దాటినది. ఆ దినములలో మా పెరటిమడిలో నలువదిదాక మొక్కలుండెను. ఇరుగుపొరుగు వారు గిన్నెలు పట్టుకొని వచ్చుటయు, ఎన్నడును లేనిది మా పెరటి తలుపునకు గౌరవము కలుగుటయు నేను మఱువలేదు.

మా వైపున దీనిని ఉల్లాకు అనియు ఉల్లిపొరక అనియు అందురు. ఉల్లికాడలనగా అందఱికిని తెలియును గనుక ఇచ్చట నేను ఆ మాటయే వాడుచున్నాను. గడ్డకును ప్రాంతమునకొక పేరు కలదు. మాకు ఉల్లిగడ్డ, కోస్తావారికి ఉల్లిపాయ, రాయలసీమవారికి ఎఱ్ఱగడ్డ. సంస్కృతమున పలాండువు. బాల్యమున మా తండ్రిగారు నాచేత అమరకోశము వల్లెవేయించునపుడు వనౌషధివర్గములో ఈ పేరు వచ్చెడిది. పలాండువు, సుకందకము అని గడ్డకు రెండు పేరులు చెప్పి, పచ్చనిదానికి లతార్కము, దుద్రుమము అని వేఱుగా పేరులు పెట్టినాడు అమరసింహుడు. ఆ వెనువెంటనే వెల్లుల్లికి మహౌషధమను పేరును చెప్పినాడు. మా పుట్టినింట ఉల్లి గడప దాటి వచ్చినది కాదు. అందుచే ఆ శ్లోకము వచ్చినపుడు నేను గొంతు తగ్గించెడిదానను. మా తండ్రిగారు నవ్వి, “పేరు పలికినంత మాత్రమున నోరు మైలపడదమ్మా, గట్టిగా చెప్పుము” అనెడివారు.

మనుస్మృతి ఐదవ అధ్యాయమున ద్విజులకు లశునము, గృంజనము, పలాండువు, పుట్టగొడుగులు అభక్ష్యములని చెప్పబడినది. చరకసంహిత సూత్రస్థానమున అన్నపానముల గూర్చి చెప్పు అధ్యాయమున ఆ పలాండువునే కఫమును పెంచునది, వాతమును హరించునది, బలమిచ్చునది, రుచి పుట్టించునది, భోజనపదార్థములలో కలుపదగినది అని వర్ణించినారు. పిత్తమును మాత్రము అణచదనియు, జీర్ణమగుటకు బరువనియు చెప్పుట మానలేదు. ఒకరు వ్రతమును గూర్చియు, ఒకరు దేహమును గూర్చియు చెప్పినారు. రెండు గ్రంథములును ఒక్క బీరువాలో నుండగా పుస్తకములకు తగవు రాలేదు. వంటయింటిలో మాత్రము వచ్చినది.

ఆ సంగతి చెప్పక ఈ మడినిగూర్చి చెప్పుట సగము చెప్పుటయే. పండ్రెండేండ్లనాటి మాట. నా పెద్దవానికప్పుడు మూడేండ్లు. వానికి జ్వరము వచ్చి తగ్గినది గాని అన్నముపై అరుచి పోలేదు. పప్పునెయ్యి కలిపి పెట్టిన ముద్దను బుగ్గన పెట్టుకొని, గడియసేపటికి ఉమ్మివేసెడివాడు. ప్రక్కటెముకలు లెక్కపెట్టదగినట్లుండెను. మా అత్తగారు నిష్ఠాపరురాలు. వారి వంటయింట ఉల్లి లేదు, ఉండదు. నేనును అట్టి యింటినుండియే వచ్చితిని గనుక నాకది లోటుగా తోచలేదు. ఒకనాటి మధ్యాహ్నము పిల్లవాడు కనబడక వెదకుచు పోయితిని. నూతిచప్టా కడ మా యింట పనిచేయు ఆమె జొన్నగటక తినుచు కూర్చున్నది. వీడు ఆమె మోకాలిపై చేయివేసి నిలుచున్నాడు. ఆమె ముద్దకు ఉల్లికాడ ఒకటి నంజి నోటికందించుచున్నది. వీడు నమలుచున్నాడు, మ్రింగుచున్నాడు, మరల నోరు తెఱచుచున్నాడు. నెలదినములుగా నేను చూడని చోద్యమది.

నేను చూచునంతలో మా అత్తగారును వెనుకనే వచ్చి చూచిరి. పనియామె అదరిపడి లేచి, “పోరడు అడిగిండు, ఒక్క బుక్క పెట్టిన అమ్మా” అన్నది. నా కాళ్లు వణకినవి. మా అత్తగారు మాఱుమాట లేక లోనికి వెడలిపోయిరి. సాయంకాలము దీపము పెట్టినదాక ఎవ్వరును నోరు విప్పలేదు. మా వారు పత్రికను విప్పి ముఖమునకు అడ్డము పెట్టుకొనిరి. అందులో ఆనాడు చదువదగిన విశేషములెన్ని యుండెనో నాకు తెలియదు గాని, అన్నము వడ్డించునంతవఱకు ఆ పుట త్రిప్పలేదు.

రాత్రి పిల్లవాని ప్రక్కన కూర్చుండి మా అత్తగారే మాట కదపిరి. “ఆమె తప్పేమియు లేదు. ఆకలిగొన్న బిడ్డకు పెట్టినది. తప్పు నీది, నాది. మన బిడ్డకు సయించునది మన యింట లేకపోవుట తప్పు. పెరటిలో మొలిపింపుము అమ్మాయీ. నీవు వండి వానికి పెట్టుము. నా పొయ్యి దరికి మాత్రము రానీయకు” అనిరి. నేను తల యూపితిని. నిజము చెప్పవలెనన్న నాకు సంతోషముకన్న అభిమానభంగమే ఎక్కువ కలిగినది. వేదశాస్త్రముల పేరులు చెప్పుకొను ఇంట బిడ్డకు అన్నము మ్రింగు ఉపాయము నూతిచప్టాకడ కూర్చున్న ఆమెకు తెలిసినది, నాకు తెలియలేదు. మఱునాడు ఆమెయే నాలుగు మొలకగడ్డలు కొంగున కట్టితెచ్చి, ఎట్లు నాటవలెనో చూపినది. నాకు ఉల్లి విషయమున గురువు ఆమెయే.

ఆమె నేర్పినదానికి నా పండ్రెండేండ్ల అనుభవమును చేర్చి చెప్పెదను. నేల యున్నవారు రోజునకు ఐదాఱు గంటలు ఎండ తగులు తావున మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు మడి చేసికొన్నచో నలుగురున్న సంసారమునకు చాలును. నేల లేనివారు ఓటికుండనో, విఱిగిన బకెట్టునో తీసికొని, అడుగున రెండుమూడు రంధ్రములు చేసి, వానిపై పెంకులు పఱచవలెను. మట్టి రెండుపాళ్లు, బాగుగా చివికిన పశువుల ఎరువు ఒకపాలు, ఇసుక ఒకపాలు. ఎరువు పచ్చిదైనచో పురుగు పట్టి వేరు కుళ్లును. మాకు గోదావరి ఒండ్రు దొరకును గనుక ఇసుకతో పనిలేదు. నల్లరేగడివారు ఇసుక కొంచెము హెచ్చుగా కలుపుకొనవలెను.

గడ్డను నాటునపుడు చాలమంది లోతుగా పూడ్చెదరు. అది పొరపాటు. వేరుండు భాగము క్రిందికి, మొలక పైకి ఉండునట్లు భుజములవఱకు మాత్రము మట్టిలో కూర్చి, మెడను పైకి విడువవలెను. గడ్డకు గడ్డకు నాలుగువ్రేళ్ల యెడము చాలును. నాటిన దినమున తడుపుడు, తరువాత పైమట్టి ఆఱినపుడెల్ల తడుపుడు. నీరు నిలిచినచో గడ్డ రెండుదినములలో మెత్తబడి కంపుకొట్టును. బియ్యము కడిగిన నీరు పోయవచ్చును. సబ్బునీరును, ఉప్పు కలిసిన నీరును పోయరాదు.

జానెడు పెరిగిన పిదప భూమికి రెండువ్రేళ్ల మీదుగా కత్తెరతో కోయవలెను. లోపలి లేతాకు మరల లేచును. ఇట్లు రెండుమూడు కోతలు వచ్చును. మొదటి కోత బలిష్ఠముగా నుండును. రెండవది సన్నగిల్లును. మూడవదానికి గడ్డ పీచుపీచై యుండును. ఏలననగా గడ్డలోని పొరలన్నియు ఆకుల మొదళ్లే. ఆ మొదళ్లు ఉబ్బి ఆహారమును దాచుకొన్నవి. అడ్డముగా కోసినపుడు కనబడు ఒక్కొక్క వలయమును ఒకప్పటి ఒక్కొక్క ఆకు. మనము కాడలు కోసికొనుట అనగా గడ్డ తన కొట్టులోనున్న ధాన్యమును తీసి మనకు వడ్డించుటయే. కొట్టు ఖాళీయైన పిదప వేరుతోకూడ పెఱికి, ఆ తావున ఉల్లిజాతిది కానిది, మెంతికూరయో కొత్తిమీరయో చల్లుకొనుట మేలు. ఒక్కచోటనే మరల మరల ఉల్లిని పెంచినచో తెగులు నేలలో కాపురముండును.

ఆకులపై వెండిగీతలవంటి తెల్లచారలు వచ్చినచో తామరపురుగు పట్టినదని గుఱుతు. కంటికానని సన్నని పురుగు అది, ఆకుల నడిమి సందులలో నుండును. ఉదయమున నీటిని వడిగా చిమ్మి కడిగినచో చాలవఱకు పోవును. పోకున్నచో లీటరు నీటికి చిన్నచెంచాడు వేపనూనె, నాలుగుచుక్కల సబ్బునీరు కలిపి చల్లి, వారము తాళి, బాగుగా కడిగి వాడుకొనవలెను. మంచు కురియు దినములలో ఆకులపై ఊదారంగు మచ్చలు లేచినచో ఆ ఆకులను త్రుంచి దూరముగా పాఱవేసి, సాయంకాలము ఆకు తడియునట్లు నీరు పోయుట మానవలెను. ఇంతకుమించి దీనికి శత్రువులు లేరు. కోళ్లు మాత్రము మడిని గీఱివేయును. ముండ్లకంప అడ్డము పెట్టుడు.

ఒక హెచ్చరిక. ఆవులున్న యింటివారు ఉల్లితొక్కలను, ముదిరిన కాడలను కుడితిలో వేయరాదు. ఉల్లి హెచ్చుగా తిన్న పశువునకు రక్తములోని ఎఱ్ఱకణములు విఱిగి పాండురోగమువంటిది వచ్చును. పశువులన్నిటిలో ఆవునకే ఈ భయము హెచ్చు. కుక్కకును పిల్లికిని ఉల్లి విషమే. కొంచెము తిన్న ఆవు బ్రతికినను పాలు ఉల్లికంపు కొట్టును. మా యింట ఒకసారి ఇది జరిగి, మా అత్తగారి దేవతార్చనకు పాలు పనికిరాకపోవుటచే ఆనాడు నాకు చాల చీవాట్లు పడినవి. అవి న్యాయమైన చీవాట్లే.

మడి వేసిన మూడవయేట పుష్యమాసమున నాకు జ్వరము తగిలి ఇరువది దినములు మంచము దిగలేదు. లేచి గోడ పట్టుకొని పెరటిలోనికి వచ్చినపుడు మడి ఎండి పెళుసై యుండునని తలచితిని. చూతును గదా, కాడలు మోకాలెత్తు లేచి నిగనిగలాడుచున్నవి. మట్టి గుల్లచేసి యున్నది. పండిన కొనలు గిల్లివేసి యున్నవి. మొదళ్లలో బూడిద చల్లి యున్నది. పనియామెను మెచ్చుకొంటిని. ఆమె నవ్వి, “నేను కాదమ్మా, పెద్దమ్మ పోసింది” అన్నది. డెబ్బది దాటిన మా అత్తగారు తెల్లవాఱుజామున మడి కట్టుకొనకమునుపే చెంబుతో నీరు మోసి పోసి, చేతులు కాళ్లు కడిగికొని, ఆ పిమ్మట స్నానమునకు పోయెడివారట. నేను మెల్లగా అడిగితిని, “అత్తయ్యా, మీరు ముట్టని వస్తువునకు ఇంత శ్రమ యెందుకు?” అని. “తినరాదనిరి గాని దప్పికతో చావనీయుమని ఏ శాస్త్రమున వ్రాసియున్నది? నీవు చదివితివి గదా, చూపుము” అనిరి. నాకు చూపుటకు శ్లోకము దొరకలేదు.

ఆమె నేటికిని ఉల్లి తినరు. ఎనుబదికి చేరువైనారు. నేను తినుమని అనలేదు, అననుకూడ. పిల్లవానితోపాటు నేనును తినుట అలవాటుచేసికొంటిని, కార్తికమున మానుచున్నాను. ఒక యింట రెండు నియమములున్నపుడు ఎట్లు జరుపుకొనవలెనని కొందఱు సోదరీమణులు అడుగుచుందురు గనుక మా పద్ధతి చెప్పెదను. ఉల్లి లేని వంట ముందు అగును. అది వంటయింటిలో మూతలు పెట్టబడి ఒకప్రక్కకు చేరును. పిదప వెనుక వసారాలోనున్న చిన్నపొయ్యిపై ఉల్లివంట. దానికి కత్తిపీట వేఱు, మూకుడు వేఱు, పోపుగరిటె వేఱు. నూనెగిన్నెయు వేఱుగా నుండవలెను. తక్కినవన్నియు వేఱుచేసి నూనె ఒక్కటి కలిపినచో చేసిన శ్రమ వ్యర్థము. ఉప్పుజాడీలో తడిచేయి పెట్టరాదు. ఇది పెద్దల చాదస్తమని చిన్నవారు నవ్వుకొందురు. మన కోరిక తీఱుటకు మఱియొకరి వ్రతము చెడనక్కఱలేదు. వారి వ్రతము నిలుచుటకు బిడ్డ ఆకటితో నుండనక్కఱయు లేదు. రెండు మూకుళ్లు కొనుటకగు ఖర్చు ఎంత?

ఉల్లి లేని పప్పునకు మా అత్తగారు ఇంగువ వేయుదురు. ఇందొక వినోదము కలదు. ఉల్లిని కోయనంతవఱకు దానికి ఘాటు లేదు. దానిలో రెండు పదార్థములు వేఱువేఱు అఱలలో నుండును. కత్తిపడి అఱలు చితికి అవి కలిసికొన్నపుడే కండ్లనీళ్లు తెప్పించు ఆవిరి పుట్టును. (వేఱువేఱు గదులలో శాంతముగానుండి, గుమ్మము కడ ఎదురుపడినపుడే మంటలు లేచు అత్తాకోడండ్రు మీ యూరను ఉన్నారేమో!) ఆ ఆవిరికి మూలము ఉల్లి నేలనుండి పీల్చుకొన్న గంధకము. ఇంగువ యనునది పారసీక, ఆఫ్ఘను దేశములలో పెరుగు ఒక మొక్క వేరునుండి కాఱు బంక. దాని వాసనకును గంధకముతో కూడిన పదార్థములే కారణము. మా వారు బడిలో ప్రకృతిశాస్త్రము చెప్పువారు గనుక ఒకనాడు భోజనముకడ ఈ సంగతి తమ తల్లిగారికి విన్నవించిరి. ఆమె ఆలకించి, “అయినచో నాకు ఇంగువ చాలును, వేఱే వెదకికొననేల?” అని మజ్జిగ పోసికొనిరి.

ఇక వంట. కాడలను కూర్చునపుడు రెండుమాటలు జ్ఞప్తియందుంచుకొనవలెను. తెల్లని మొదళ్లు ముందు, పచ్చని ఆకులు చివర. మొదళ్లకు మగ్గుటకు కాలము కావలెను. ఆకులకు పొయ్యిపై రెండు నిమిషములు చాలును. హెచ్చుసేపు ఉంచినచో రంగు మాసి, జిగురు కాఱి, గడ్డివాసన వచ్చును. ముదురాకు గొట్టములో జిగట యుండును గనుక దానిని చీల్చి గుడ్డతో తుడిచి తఱుగవలెను. కాడలోని పచ్చదనమున కంటికి మేలుచేయు ఎ విటమినునకు మూలమైన పదార్థము కలదు. తెల్లగడ్డలో అది లేనట్లే. సి విటమినును గడ్డలోకన్న ఆకులో హెచ్చు. కావున పిల్లలకు గడ్డకన్న కాడయే మంచిది.

నా పెద్దవానికి మొదట నేను వండిపెట్టినది పెసరపప్పు పొడికూర. చిన్నగ్లాసెడు పెసరపప్పును అరగంట నానబెట్టి వార్చవలెను. రెండు గుప్పెళ్ల కాడలను తఱిగి, మొదళ్లను ఆకులను వేఱుచేయవలెను. మూకుడులో రెండు చెంచాల నూనె కాచి, ఆవాలు, జీలకఱ్ఱ, రెండు ఎండుమిరపకాయలు, కరివేపాకు వేసి, మొదళ్లు వేసి వేగనిచ్చి, పప్పును, పసుపును, ఉప్పును వేసి, నీరు పోయక, మూతపెట్టి సన్ననిసెగపై మగ్గనీయవలెను. పప్పు వ్రేళ్లనడుమ నలుగవలెను గాని ముద్ద కారాదు. అపుడు ఆకులు వేసి రెండుమార్లు కలిపి దింపవలెను. వేడియన్నములో నెయ్యితో కలిపిపెట్టినచో మారాముచేయు పిల్లలును తిందురు.

పచ్చిపులుసు మా తెలంగాణమునకు ప్రాణము. దానిని ఉడికింపరాదు. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి పిసికి, నాలుగు గ్లాసుల పలుచని పులుసు తీయవలెను. నాలుగు పచ్చిమిరపకాయలను నిప్పుపై కాల్చి, ఉప్పుతోను, తఱిగిన కాడలతోను కలిపి చేతితో గట్టిగా నలుపవలెను. ఈ నలుపుటలోనే రుచి యంతయు ఉన్నది. మిక్సీలో వేసినచో చేదెక్కును. నలిపినదానిని పులుసులో వేసి, చిన్న బెల్లపుముక్క, వేయించి దంచిన నువ్వులపొడి రెండు చెంచాలు కలిపి, జీలకఱ్ఱ ఎండుమిరపలతో పోపు పెట్టవలెను. ఎండకాలమున ముద్దపప్పుతో దీనికి సాటి లేదు. చేయికి కారము పట్టును గనుక పసిపిల్లల తల్లులు గరిటెతో నలుపుకొందురుగాక.

సర్వపిండి మా కరీంనగరము, వరంగల్లు వైపులవారి వంట. (మా యూరు 2016లో జగిత్యాల జిల్లాలో చేరినది గాని నాలుక ఇంకను కరీంనగరమే.) రెండు గ్లాసుల బియ్యపుపిండికి గుప్పెడు నానిన సెనగపప్పు, గుప్పెడు కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, రెండు చెంచాల నువ్వులు, చెంచాడు కారము, ఉప్పు, కరివేపాకు, రెండు గుప్పెళ్లు సన్నగా తఱిగిన కాడలు కలిపి, గోరువెచ్చని నీటితో రొట్టెపిండివలె తడుపవలెను. కాడలు నీరూరును గనుక నీరు కొంచెము కొంచెముగా పోయవలెను. సర్వలోపల నూనె పూసి, పిండిని అడుగునను ప్రక్కలను పలుచగా అద్ది, వ్రేలితో అక్కడక్కడ రంధ్రములు చేసి, ఒక్కొక్కదానిలో నూనెచుక్క విడిచి, మూతపెట్టి సన్ననిసెగపై పదిపండ్రెండు నిమిషములు ఉంచవలెను. అంచులు తమంతట వదలినపుడు అయినట్లు. కాలినసర్వలో రెండవదానిని అద్దుటకు చేయి ఓర్వదు గనుక రెండు సర్వలు పెట్టుకొనుట మంచిది. మా అత్తగారికి మొదటిది కాడలు లేక, ఇంగువతో, వేఱుసర్వలో చేసెదను. పిండి కలుపుటకుముందే వారి పాలు తీసి వేఱుంచుట మఱువరాదు. నేను ఒకసారి మఱచి అంతయు కలిపివైచి, ఆమెకు ఆనాడు అటుకులు పెట్టవలసివచ్చినది.

కోసిన కాడలు మిగిలినచో తడిగుడ్డలో చుట్టి ఉంచిన రెండుదినములు నిలుచును. శీతలపెట్టె యున్నవారు పాలగిన్నెకు దూరముగా, మూతగల డబ్బాలో ఉంచుకొనుడు.

మాఘమాసము వచ్చునప్పటికి కొన్ని గడ్డల నడుమనుండి బిఱుసైన గొట్టమొకటి లేచి, కొనయందు తెల్లని పొరలో మొగ్గ కట్టును. అది పూలకాడ. అది లేచిన మొక్కలో ఆకు మరి పెరుగదు గనుక తక్కినవానిని లేతగానున్నపుడే త్రుంచి కూరలో వేసికొని, బలమైన రెండింటిని మాత్రము విడిచెదను. పొర పగిలి, తెల్లని చిన్నపూలు బంతివలె గుండ్రముగా విచ్చుకొనును. ఉదయపుటెండలో తేనెటీగలు దానిని విడువవు. మా అత్తగారు ఆ పూలను పూజకు కోయరు. కాని తులసికోటకు ప్రదక్షిణము ముగించి, ఆ మడి ప్రక్కనున్న రాతిపై కూర్చుండి జపమాల త్రిప్పుకొందురు. చైత్రమున ఆ బంతి ఎండి, నల్లని విత్తులు రాలును. అవి ఒక్క యేడు మాత్రమే మొలకెత్తు శక్తి గలవి గనుక దాచి లాభములేదు. కాగితపు పొట్లములలో కట్టి, నాటుకొందుమన్నవారికి పంచిపెట్టెదను. మొదటి పొట్లము ప్రతియేటను మా పనియామెకు చేరును.